పాలవ్యాను ఇంజను

మా అత్తమ్మ పున్నమ్మ ఎవరైనా తిడితే ఊరుకుంటుంది గానీ, జాలిపడితే ఊరుకోదు. పోయినేడు మిరపకోతల ముందు ఆటో తిరుపతిరావుకి ఈ సంగతి తెలియకపోవడమే అన్నిటికీ మూలం.

జగ్గయ్యపేటలో మా పేట నుంచి వత్సవాయి చేలకు కూలీలను తీసుకెళ్ళే ఆటోలు అతనివి. మా అత్తమ్మ ముఠా మేస్త్రి. ఏ రైతుకి ఎంతమంది కావాలో మాట్లాడేది, మనుషుల్ని పోగుచేసేది, చేలో ముందు నడిచేది ఆవిడే. ముఠాలో సగానికి పైగా ఆవిడ ఈడువాళ్ళు. నవంబరు చివర్లో ఒక సాయంత్రం తిరుపతిరావు మా వాకిట్లోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పాడు.

"పున్నమ్మక్కా, ఏమీ అనుకోమాక. ఈ ఏడు వయసోళ్ళనే ఎక్కిస్తా. ముసలోళ్ళు ఎక్కేసరికి ఒక ట్రిప్పు, దిగేసరికి ఇంకో ట్రిప్పు పోతంది నాకు. ఇన్నేళ్ళు చేసావుగా, ఇంక ఇంటిపట్టున కూర్చో. పాపం, ఆ మోకాళ్ళు మాత్రం ఎన్నాళ్ళని మోస్తాయి?"

ఆ 'పాపం' దగ్గరే వచ్చింది చిక్కంతా. మా అత్తమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. "సరే తిరుపతిరావూ, వెళ్ళిరా" అంది. అతను సందు మలుపు తిరిగాక చాట పక్కన పెట్టి నావైపు చూసింది.

"ఫ్లోరెన్సూ, నీకు లైసెన్సు ఉందిగా?"

ఉంది. మా పుట్టిల్లు కీసర. పెళ్ళికాకముందు మా నాన్న ట్రాక్టరు తోలినదాన్ని. పెళ్ళయ్యాక ఇక్కడ ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాను. ఆ ఏడు స్కూలు మూసేయడంతో ఇంట్లోనే ఉన్నాను. లైసెన్సు ఉంది గానీ తోలడానికి బండేదని అడిగాను.

"ప్రేమదాసు జీపుందిగా" అంది.

ప్రేమదాసు ఆవిడ అన్న. ఆయన ఇంటి వెనక ఒక పాత పొడుగు జీపు ఉన్న మాట నిజమే. దాని ఇంజను పట్టేసి ఏళ్ళయింది. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మర్నాడు ముఠాలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, తలా కొంత వేసుకుందామని ఒప్పించి, ఆ వారంలోనే జీపును తాళ్ళు కట్టించి హైవే పక్కన పుల్లయ్య షెడ్డుకి లాగించింది. కోళ్ళు షెడ్డు దాకా వెంటపడ్డాయి.

పుల్లయ్య చేతికి వచ్చేవన్నీ ముక్త్యాల సిమెంటు లారీలే. ఆయన షెడ్డులో ఒక పాలవ్యాను పడి ఉంది. ఎవరో వెనకనుంచి గుద్దితే డబ్బా అంతా నుజ్జయిపోయింది గానీ ఇంజను మాత్రం నిక్షేపంగా ఉంది. దాన్ని తీసి జీపుకి పెడతానన్నాడు. మా ఆయన క్రాంతికుమార్ ముక్త్యాల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి అటే వచ్చి, రెండు బళ్ళనూ మార్చి మార్చి చూశాడు.

"ఒక బండి ఇంజను ఇంకో బండికి ఎట్టా అతుకుద్ది పుల్లయ్యా?"

"మా వినాయకుడికి ఏనుగు తల అతకలా? ఇదీ అంతే" అన్నాడు పుల్లయ్య.

"మీ దేవుడి సంగతి నాకు తెలవదు గానీ, మా బండి మాత్రం నడవాల" అంది మా అత్తమ్మ.

ఎందుకంటే ఆవిడ అప్పటికే మాట ఇచ్చేసింది. వత్సవాయి అనంతరామయ్యగారి మిరపచేలో క్రిస్మస్ వెళ్ళిన సోమవారం మనుషులు దిగాలి. ఆయన మంచాయనే. కానీ కాయ పండాక ఎవరికోసమూ ఆగదు. "నీ ముఠా ఆ రోజు రాకపోతే వేరేవాళ్ళను పిలుచుకుంటానమ్మా, మళ్ళీ నా మీద నిష్ఠూరాలాడొద్దు" అన్నాడు. అంతకంటే ముందే బండిని నందిగామ తీసుకెళ్ళి, బ్రేక్ ఇనస్పెక్టరుకు చూపించి, ఇంజను మార్చిన సంగతి రాయించుకోవాలి. ఆ పని కానిదే మనుషుల్ని ఎక్కించడానికి వీల్లేదు. బండి నడవకపోతే మా అత్తమ్మ ఇంట్లో కూర్చుంటుంది, ఆవిడతో పాటు ఆవిడ ఈడువాళ్ళంతా కూర్చుంటారు. తిరుపతిరావు అన్నదే నిజమవుతుంది.

పుల్లయ్య పనిమంతుడు. ఇంజను కూర్చోవడానికి ఇనుప కాళ్ళు వేశాడు. గేరుబాక్సుకీ ఇంజనుకీ బోల్టు రంధ్రాలు కలవకపోతే మధ్యలోకి లేతు మిషను మీద ఒక ప్లేటు చేయించాడు. జీపు డీజిలు ట్యాంకు తుప్పుపట్టి జల్లెడలా ఉంటే, పాలవ్యాను ట్యాంకునే తెచ్చి డ్రైవరు సీటు కింద బిగించాడు. ముక్త్యాల రోడ్డు సిమెంటు దుమ్ము ఎలాంటిదో ఆయనకు బాగా తెలుసు. ఎక్కడ సందు కనిపించినా ఎంసీలు అనే జిగురు ముద్ద పెట్టి మూసేశాడు. మోకాళ్ళ నొప్పులవాళ్ళ కోసం వెనక కిందికంటా ఒక ఇనుప మెట్టు కూడా వెల్డింగు చేశాడు. ఎవరూ అడగకుండానే చేశాడు. ఆ మెట్టు చూసి మా అత్తమ్మ ఆ పూట ఆయనకు చేపల పులుసు పంపించింది.

షెడ్డులో పక్కన డబ్బా వేలాడదీసి, దాంట్లోంచి గొట్టంతో డీజిలు ఇచ్చి ఇంజను స్టార్ట్ చేశాడు. మొదటి తిప్పుకే అందుకుంది. పొద్దంతా ఆడింది. ముఠా ఆడవాళ్ళు పని మానుకుని వచ్చి చుట్టూ నిలబడి చూశారు.

మర్నాడు గొట్టం ట్యాంకుకు తగిలించి, ట్యాంకు నిండా పోయించి, నేను తోలుతుంటే పక్కన మా అత్తమ్మ, వెనక పుల్లయ్య కూర్చుని హైవే ఎక్కాం. చిల్లకల్లు టోల్‌గేటు కనిపించిందో లేదో, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"డీజిలు కొట్టేశారు!" అంది మా అత్తమ్మ. షెడ్డు ముందు ఆగిన బళ్ళలో డీజిలు దొంగతనాలు మామూలే. అందుకే ట్యాంకు మూత తాళంచెవి ఆవిడ కొంగున ముడేసుకుని తిరిగేది. పుల్లయ్య బానెట్ ఎత్తి, ఫిల్టరు మీద బోల్టు వదులు చేసి, చేతిపంపు కొడుతూ గాలి తీయడం మొదలుపెట్టాడు. డీజిలు దారిలో గాలి చేరితే ఇంజను ఆగుతుందట. ఈలోగా మా అత్తమ్మ మూత తీసి, చీపురుపుల్ల ముంచి చూసి, డీజిలు ఉందని తేల్చుకుంది. ఉన్నా నడవనందుకు ఇంకా కోపం వచ్చింది. మూత పెట్టి, ట్యాంకు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన చేసింది. "తండ్రీ, ఇది ముసలోళ్ళ బండి. దీన్ని నడిపించు."

ఆమెన్ అనగానే నేను తాళం తిప్పాను. బండి అందుకుంది.

"చూసావా, గాలి తీయగానే!" అన్నాడు పుల్లయ్య.

"గాలి నువ్వు తీసావు, ఊపిరి ఆయన పోసాడు" అంది మా అత్తమ్మ.

ఆ పైన రోజూ ఇదే తంతు. పుల్లయ్య ఫిల్టరు మార్చాడు, పంపు మార్చాడు, గొట్టాలన్నీ మార్చాడు. షెడ్డులో డబ్బా కట్టి చూస్తే బుద్ధిగా ఆడుతుంది. రోడ్డెక్కితే ఆగుతుంది. మా అత్తమ్మ మూత తీసి, పుల్ల ముంచి, ప్రార్థన చేస్తుంది. మళ్ళీ కదులుతుంది. "పాలవ్యాను ఇంజను కదమ్మా, ఊరూరా ఆగడం దాని అలవాటు. పాలు పోసేదాకా కదలదు" అని తిరుపతిరావు సెంటర్లో అందరినీ నవ్వించాడని తెలిసింది. ఒక్కటి మాత్రం నాకు వింతగా ఉండేది. ట్యాంకు నిండా పోయించిన రోజు చిల్లకల్లు దాటేది కాదు. సగం ఉన్న రోజు దాని అవతలి గౌరవరం దాకా లాగేది. కడుపు నిండితే నడవని బండిని నేనెక్కడా చూడలేదు.

పేటలో మాత్రం కథ వేరేగా పాకింది. పున్నమ్మ చెయ్యి పడితేనే బండి లేస్తుందట. ఆడవాళ్ళు వచ్చి ఆవిడ చేత తలమీద చెయ్యి వేయించుకోవడం మొదలుపెట్టారు. ఒకావిడ అయితే పాలివ్వని గేదెను తోలుకొచ్చింది. మా అత్తమ్మ పైకి కసురుకునేది గానీ, ఆ వారం ఆవిడ నడకే మారింది. నిజం చెప్పొద్దూ, నేనూ సగం నమ్మాను.

నమ్మకం పూర్తిగా కుదిరే రోజు కూడా వచ్చింది. ఆ రోజు పేటలో ఎవరిదో పెళ్ళిమాటలుంటే మా అత్తమ్మ రాలేదు. నేనూ పుల్లయ్యా బయలుదేరాం. గౌరవరం దగ్గర బండి ఆగింది. పుల్లయ్య గాలి తీశాడు. అందుకోలేదు. మళ్ళీ తీశాడు. చేతిపంపు కొట్టీ కొట్టీ ఆయన బొటనవేలు బొబ్బెక్కింది. లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే దుమ్ములో నిలబడి నేను ఫోన్ చేశాను. మా అత్తమ్మ పెళ్ళిమాటలు మధ్యలో వదిలేసి, కట్టుకున్న మంచి చీరతోనే బస్సెక్కి వచ్చింది. రాగానే అలవాటు ప్రకారం మూత తీసింది.

అప్పటికి నేను మళ్ళీ సీట్లోకి వచ్చి కూర్చున్నాను. నా కిందనుంచి ఉస్సుమని ఒక శబ్దం వచ్చింది. పొడుగ్గా, ఎవరో చాలాసేపు ఊపిరి బిగబట్టి ఒక్కసారి పీల్చుకున్నట్టు. అంతకుముందు పుల్లయ్య పంపు చప్పుడులో అది నాకెప్పుడూ వినపడలేదు. ప్రార్థన అయింది, తాళం తిప్పాను, బండి అందుకుంది. పుల్లయ్య రోడ్డు పక్కనే మా అత్తమ్మకు రెండు చేతులూ జోడించాడు. "అక్కా, ముప్పై ఏళ్ళ నా పని ఒక ఎత్తు, నీ చెయ్యి ఒక ఎత్తు. నందిగామకి నువ్వు రాకపోతే నేను రాను."

ఆవిడ నవ్వి కొంగు సర్దుకుంది. నా మనసు మాత్రం ఆ ఉస్సు దగ్గరే ఉండిపోయింది.

సోమవారం క్రిస్మస్ పిండివంటలు మొదలుపెట్టాం. బుధవారం నందిగామ వెళ్ళాలి. కజ్జికాయలు వేయించడానికి కొత్త నూనె డబ్బా తీసి, పైన మేకుతో ఒక బెజ్జం కొట్టి బాణలిలోకి వంచాను. చుక్క చుక్క పడింది, ఆ తర్వాత అదీ ఆగింది. తొందరలో రెండో బెజ్జం కొట్టడం మర్చిపోయాను. రెండో మూల మేకు దిగగానే డబ్బా బుస్సుమని గాలి పీల్చుకుంది, నూనె ధారగా పడింది. బాణలి పొంగేదాకా నేను వంచిన డబ్బా ఎత్తలేదు.

"నూనంతా పోస్తన్నావేంటే!" అని అరిచింది మా అత్తమ్మ.

"అత్తమ్మా, కొంగున తాళంచెవి ఉందా?" అన్నాను.

బండి ఇంటి ముందే ఉంది. మూత తీసి చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాను. లోపలివైపు నడిమధ్య సూదిమొనంత బెజ్జం ఉంది. దాని మీద బయటినుంచి ఎంసీలు ముద్ద నున్నగా పెట్టి ఉంది. డీజిలు ఖర్చవుతున్న కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. రావడానికి దారి లేక ట్యాంకే డీజిలును వెనక్కి బిగబట్టుకుంటోంది. నిండా ఉన్న రోజు లోపల గాలికి చోటు తక్కువ, అందుకే ముందే ఆగుతోంది. ఆవిడ మూత తీసిన ప్రతిసారీ బండి ఊపిరి పీల్చుకుంటోంది. మేమేమో ఒకరు చేతిపంపుకీ, ఇంకొకరు ప్రార్థనకీ పేరు కట్టబెడుతున్నాం.

తెలిసిన సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆవిడకు ఎలా చెప్పడం? వారం రోజులుగా పేట పేటంతా ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటోంది. కానీ చెప్పకపోతే కోతల రోజు వత్సవాయి దారిలో, మనుషులందరూ వెనక కూర్చుని ఉండగా ఆగుతుంది. చెప్పేశాను. అరుగు మీద కూర్చోబెట్టి, నూనె డబ్బా చూపించి మరీ చెప్పాను.

ఆవిడ మూత నా చేతిలోంచి తీసుకుంది. మూతను అటూ ఇటూ తిప్పింది.

"అయితే నా ప్రార్థన ఉత్తిదేనంటావా?"

"నేను అట్టా అన్లా అత్తమ్మా. ప్రార్థన చేసేదీ మీరే, మూత తీసేదీ మీరే. రెంట్లో ఏది పనిచేసిందో మనకి తెలవదుగా."

"తెలుసుకుందాం" అంది. "రేపు నేను బళ్ళో కూర్చుంటా. చెయ్యి వెయ్యను. నోరు తెరవను. మూత నువ్వే తియ్యి."

మర్నాడు పుల్లయ్యకు ఏమీ చెప్పకుండా బయలుదేరాం. చిల్లకల్లు ముందు బండి ఆగింది. పుల్లయ్య దిగబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టి ఆపింది. నేను మూత తీశాను. ఉస్సుమంది. మూత పెట్టి తాళం తిప్పాను. ఇంజను రెండు చుట్లు ఊరికే తిరిగి, మూడో చుట్టులో అందుకుంది. మా అత్తమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోరు మూసుకుని, ముందున్న రోడ్డునే చూస్తోంది. ఆవిడ ముఖంలో ఏదో ఒకటి తగ్గినట్టు నాకు అనిపించింది. అప్పుడావిడ గాజులకున్న పిన్నీసు తీసి నాకిచ్చింది.

"ఆ ముద్ద తవ్వి అవతల పారెయ్యి" అంది. "ఇంక రోడ్డు మీద దండాలు పెట్టించుకోవడం నావల్ల కాదు. ఆ గేదె ఇవాళ కూడా వచ్చింది."

పుల్లయ్యకు సంగతి అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నెత్తి కొట్టుకున్నాడు. "లారీ ట్యాంకుకి గాలిగొట్టం వేరే ఉంటదమ్మా. మూత బెజ్జం మూసినా దానికి ఏం కాదు. జీవితమంతా లారీలే చేసా కదా, ఆ అలవాటులో దీనిక్కూడా పెట్టేసా. ఈ వ్యాను ట్యాంకుకి ఉన్న ముక్కు అదొక్కటే. బిడ్డకి దుమ్ము పోతదని ముక్కే మూసేసా!" అని తనను తానే తిట్టుకుంటూ, మళ్ళీ పగలబడి నవ్వుతూ, బెజ్జం మీద దుమ్ము పడకుండా గుడ్డపీలిక వదులుగా కట్టాడు.

బుధవారం ట్యాంకు నిండా పోయించాను. కావాలనే పోయించాను. చిల్లకల్లు దాటింది. గౌరవరం దాటింది. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడితే ఆగుతుందేమోనని భయం. అనాసాగరం దాటి నందిగామ ఇళ్ళు కనిపించాక పుల్లయ్య వెనకనుంచి ఒక ఈల వేశాడు. నేను అవసరం లేకపోయినా హారన్ కొట్టాను. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ దాచుకోలేదు.

బ్రేక్ ఇనస్పెక్టరు ఇంజను నంబరు చూశాడు, బ్రేకులు చూశాడు, వంగి ఆ ఇనుప కాళ్ళనూ మధ్యలో ప్లేటునూ తట్టి చూశాడు. "పని గట్టిగానే ఉంది. తోలేది ఎవరు?" అన్నాడు.

"మా కోడలండి" అంది మా అత్తమ్మ, నేను నోరు తెరిచే లోపలే.

"ఒక రౌండు కొట్టి రామ్మా."

రౌండు కొట్టి వచ్చాను. ఇంకోటి కొట్టమన్నాడు, కొట్టాను. సంతకం పెట్టి, "ఇంతకీ ఇది ఏ బండి ఇంజనండీ, ఇంత మెత్తగా ఆడుతోంది?" అన్నాడు. పాలవ్యానుదని పుల్లయ్య చెప్పిన తీరు చూస్తే, విమానానిదని చెప్పినట్టే ఉంది.

క్రిస్మస్ వెళ్ళిన సోమవారం తెల్లవారుతుండగా పేట ఆడవాళ్ళంతా ఇనుప మెట్టు మీద కాలు పెట్టి ఒక్కొక్కరే ఎక్కారు. తొందర పెట్టేవాళ్ళు లేరు. సెంటర్లో తిరుపతిరావు తన ఆటో పక్కన నిలబడి ఉన్నాడు. "అక్కా, దార్లో ఆగితే ఫోన్ చెయ్, వచ్చి లాక్కొస్తా" అన్నాడు.

"అట్టాగేలే నాయనా" అంది ఆవిడ, చాలా ప్రేమగా.

ఊరు దాటాక ఆవిడ తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. "ష్, ప్రార్థన చేస్తంది" అని వెనక ఎవరో అన్నారు. అందరూ మాటలు ఆపేశారు. కాసేపటికి గురక వినిపించింది. బండి నిండా నవ్వులే నవ్వులు. అయినా ఆవిడకు మెలకువ రాలేదు.

మేం చేరేసరికి అనంతరామయ్యగారి చేలో ఇంకా మంచు విడవలేదు. కాయ చెట్టునిండా ఎర్రగా పండి ఉంది. ఇంకే ముఠా రాలేదు. ఆడవాళ్ళు చప్పుడు చేయకుండా దిగి, చీరలు పైకి దోపుకుని, సాళ్ళు పంచుకుని నిలబడ్డారు. మొదటి సాలు మేస్త్రిది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాని పక్క సాలు మేస్త్రి ఎవరిని పిలిస్తే వాళ్ళది. నేను బండి దగ్గరే ఉండిపోయాను.

ఎండ ముఖం మీద పడి ఆవిడ లేచింది. అందరూ తన కోసమే ఆగి ఉండడం చూసి, "ఏంటే, నేను చచ్చానని నిలబడ్డారా?" అని కేకలేస్తూ దిగి, మోకాళ్ళు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, గట్టు దాటి తన సాలులోకి వెళ్ళింది. వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఏం చూస్తన్నావే ఫ్లోరెన్సూ? రా. నా పక్క సాలు పట్టు."

"నాకు కొయ్యడం రాదత్తమ్మా."

"పుట్టగానే నాకూ రాలేదు. తొడిమతో కొయ్యి. కొమ్మ విరిచావంటే చంపేస్తా."

సాళ్ళలో ఉన్నవాళ్ళంతా మాటలు ఆపి మా ఇద్దరినీ చూశారు. మా అత్తమ్మ ఈడు ఆవిడొకరు నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అయితే రేపటికి మేస్త్రి దొరికిందన్నమాట" అంది.

"రేపటి సంగతి రేపు. ఇయ్యాల్టికి నేనే మేస్త్రిని" అంది మా అత్తమ్మ. నన్ను దగ్గరికి లాగి, నా చున్నీని నడుముకు ఒడిలా బిగించి కట్టి, బాగా పండిన కాయ ఒకటి చూసి తెంపి అందులో వేసింది.